మెడ మీద మచ్చకు పది శాతమేనా? అప్పీలుకు ఇంకా నాలుగు నెలలుంది

ప్రశ్న: మాది ప్రకాశం జిల్లా. చాలా ఏళ్లుగా టెక్సాస్‌లో ఉంటున్నాం. మావారు ఎమ్మెస్ చదవడానికి వచ్చి, మావ్ని పథకంలో (గ్రీన్ కార్డు లేని విదేశీయుల్ని సైన్యంలో చేర్చుకుని పౌరసత్వం ఇచ్చే దారి) అమెరికా ఆర్మీలో చేరారు. అక్కడ బండ్ల మెకానిక్‌గా చేశారు. 2016లో ట్రక్కు రేడియేటర్ మూత ఎగిరిపోయి, మరిగే నీళ్లు మెడ మీద, కుడి ముంజేతి మీద పడ్డాయి. శాన్ ఆంటోనియోలోని ఆర్మీ బర్న్ సెంటర్‌లో తొడ మీది చర్మం తీసి చేతికి అతికించారు. 2020లో సర్వీసు నుంచి బయటికొచ్చారు. నేను పోరగా పోరగా 2023లో వీఏకి (అమెరికా మాజీ సైనికుల శాఖకి) పరిహారం క్లెయిమ్ వేశారు. మెడ మచ్చకు 10 శాతం వైకల్యం, చేతికి సున్నా, తొడకు సున్నా అని నిర్ణయం వచ్చి ఎనిమిది నెలలైంది. పరీక్ష చేసినాయన ‘నొప్పి లేదు’ అని రాశారు. కానీ చొక్కా చెయ్యి రాసుకున్నా ఈయన ఉలిక్కిపడతారు. చలికాలంలో తొడ మీద చర్మం చిట్లి రక్తం వస్తుంది. అప్పీలు వేద్దామంటే ‘కాళ్లూ చేతులూ పోయినవాళ్లున్నారు, మచ్చలకు నేనేం అడుగుతాను’ అంటారు. ఉన్న పది కూడా తీసేస్తారేమోనని నాకు టెన్షన్. వెయ్యమంటారా? లాయర్ని పెట్టుకోవాలా? రిపోర్టు కాపీ జత చేశాను.

జవాబు:

వెయ్యండమ్మా. ఆలస్యం మాత్రం చెయ్యకండి. నిర్ణయం ఉత్తరం మీదున్న తేదీ నుంచి ఏడాది లోపల అడిగితేనే 2023 నాటి క్లెయిమ్ తేదీ నిలుస్తుంది. ఆ గడువు దాటాక కూడా అడగొచ్చు, గెలవొచ్చు, కానీ డబ్బు కొత్తగా అడిగిన రోజు నుంచే లెక్కకొస్తుంది. పాత బకాయి మొత్తం పోతుంది. మీ చేతిలో ఉన్న నాలుగు నెలలు ఈ పనికి బాగా సరిపోతాయి.

ముందు ఆ సున్నాల సంగతి. సున్నా శాతం అంటే తిరస్కరించారని చాలామంది అనుకుంటారు. కాదు. ఆ మచ్చలు సర్వీసులోనే వచ్చాయని వీఏ ఒప్పుకుంది, డబ్బు ఇవ్వాల్సినంత తీవ్రత కనబడలేదు అంది, అంతే. నిజానికి ఎక్కువమంది ఇరుక్కుపోయేది ఆ మొదటి మెట్టు దగ్గరే, మీవారు దాన్ని దాటేశారు. మిగిలిన తగాదా ఎంత శాతం అన్నదాని మీదే. దానికి జవాబు మీరు పంపిన రిపోర్టులోనే సగం ఉంది.

మచ్చల విషయంలో వీఏ చూసేది గాయం ఎంత ఘోరంగా జరిగిందని కాదు. ఇవాళ మచ్చ ఎలా ఉంది, ఎంత పొడవు, ఎంత వెడల్పు, చేత్తో తాకితే ఎలా తగులుతుంది, నొప్పి పెడుతుందా, పైచర్మం ఊడుతుందా అని చూస్తుంది. ఇవన్నీ కాగితం మీద అంకెల్లో, టిక్కుల్లో ఉండాలి. రేటింగ్ ఇచ్చే అధికారి మీవారిని ఎప్పుడూ చూడరు. పరీక్ష చేసినవాళ్లు రాసిందే ఆయనకు కనబడుతుంది.

మెడ దగ్గర మొదలుపెడదాం. తల, ముఖం, మెడ మీది మచ్చలకు వీఏ నిబంధనల్లోని 7800 నంబరు కోడ్ వర్తిస్తుంది. అందులో రూపం చెడిందని లెక్కపెట్టడానికి ఎనిమిది లక్షణాలు చెప్పారు. మచ్చ 5 అంగుళాలు, అంతకంటే పొడవు ఉండటం ఒకటి. ఎక్కడో ఒకచోట కనీసం పావు అంగుళం వెడల్పు ఉండటం రెండోది. తాకితే ఉబ్బెత్తుగానో గుంటగానో తగలడం మూడోది. కింది కండకు అతుక్కుపోవడం నాలుగోది. మిగిలిన నాలుగూ 6 చదరపు అంగుళాలు దాటిన మేరలో చూస్తారు: రంగు మారడం, చర్మం తీరు మారిపోవడం, కింద మెత్తటి కండ (కొవ్వు, కండరం లాంటి సాఫ్ట్ టిష్యూ) లేకపోవడం, చర్మం గట్టిపడి వంగకపోవడం. ఒక్క లక్షణం ఉంటే 10 శాతం. రెండు గానీ మూడు గానీ ఉంటే 30. నాలుగైదు ఉంటే 50. ఆరు, ఆపైన ఉంటే 80.

ఇప్పుడు మీ రిపోర్టు తీసి మెడ పేజీ చూడండి. పొడవు 4 అంగుళాలు, కాబట్టి మొదటి లక్షణం లేదు. వెడల్పు అర అంగుళం, అంటే రెండోది ఉంది. ‘తాకితే ఉబ్బెత్తుగా ఉందా’ అన్నచోట అవును అని టిక్కు పెట్టారు, అంటే మూడోదీ ఉంది. వాళ్ల రిపోర్టు ప్రకారమే రెండు లక్షణాలు! అది 30 శాతం. నిర్ణయం ఉత్తరంలో మాత్రం వెడల్పు ఒక్కటే రాసి పది ఇచ్చి వదిలేశారు. ఈ ఒక్క పొరపాటు చాలు మీ అప్పీలుకు కాళ్లు రావడానికి.

రంగు గురించి ఒక మాట. మన చామనఛాయ చర్మం మీద కాలిన మచ్చ ఒక్కోసారి నల్లగా, ఒక్కోసారి పాలిపోయి ఉంటుంది. రెండూ లెక్కలోకి వస్తాయి. పరీక్ష గదిలో తెల్ల ట్యూబులైటు కింద ఈ తేడా సరిగ్గా కనబడదు. దవడ కింద గడ్డం పెంచుకుని వెళ్తే మచ్చ సగం దాంట్లోనే దాక్కుంటుంది. మళ్లీ పరీక్షకు పిలిస్తే నున్నగా గడ్డం గీసుకుని వెళ్లమనండి.

ఇక చెయ్యి. దీని గురించి నాకు నిజంగా బాధ కలిగింది. ముంజేతి మచ్చ 5 అంగుళాల పొడవు, 3 అంగుళాల వెడల్పు అని రాశారు. అంటే 15 చదరపు అంగుళాలు. ఒళ్లు, చేతులు, కాళ్ల మీది మచ్చల్లో రెండు రకాలున్నాయి. కింది మెత్తటి కండ కూడా దెబ్బతింటే 7801 కోడ్: 6 చదరపు అంగుళాల నుంచి 10 శాతం, 12 నుంచి 20, 72 నుంచి 30, 144 నుంచి 40. కింది కండకు ఏమీ కాకపోతే 7802 కోడ్: 144 చదరపు అంగుళాలు ఉంటేనే 10 శాతం, లేకపోతే సున్నా. అంటే అదే మచ్చ, అదే కొలత. కింది కండ దెబ్బతిన్నదా అన్న ఒక్క గడిలో ‘అవును’ అని ఉంటే 20 శాతం, ‘కాదు’ అని ఉంటే సున్నా. మీ రిపోర్టులో ‘కాదు’ అని ఉంది. ఎందుకు కాదో ఒక్క వాక్యం కూడా లేదు.

తొడ చర్మం తెచ్చి అతికించాల్సి వచ్చిందంటే అక్కడ చర్మం ఎంత లోతుగా కాలిందో అడగాల్సిన ప్రశ్నే. ఆ జవాబు 2016 నాటి ఆపరేషన్ నోట్సులో ఉంటుంది. సర్జన్ చర్మాన్ని ఎంత లోతు వరకు తీశారు, కింద కొవ్వు పొర దాకా వెళ్లారా, కండరం దాకా వెళ్లారా అన్నది రాసి ఉంటారు. ఆ కాగితం చేతికి రాకుండా ముందుకు వెళ్లకండి. సర్వీసులో చేసిన వైద్యం రికార్డులు, వీఏ దగ్గరున్న ఆయన ఫైలు మొత్తం కావాలంటే 20-10206 ఫారం వెయ్యాలి. రావడానికి టైం పడుతుంది కాబట్టి ఈ వారమే పంపండి.

నొప్పికి, చర్మం చిట్లడానికి వేరే కోడ్ ఉంది, 7804. నొప్పి పెట్టే లేదా నిలకడ లేని మచ్చలు ఒకటి రెండు ఉంటే 10 శాతం, మూడు నాలుగు ఉంటే 20, అయిదు, ఆపైన ఉంటే 30. నిలకడ లేని మచ్చ అంటే ఏ కారణంతోనైనా పైచర్మం తరచూ ఊడిపోయే మచ్చ. మీవారి తొడ మీద చలికాలంలో జరిగేది సరిగ్గా అదే. ఒకే మచ్చ నొప్పీ పెట్టి, చిట్లుతూ కూడా ఉంటే ఇంకో 10 శాతం కలుపుతారు. ముఖ్యమైన సంగతేమిటంటే మెడకూ చేతికీ వేరే కోడ్ కింద ఇచ్చినా, అవే మచ్చల్ని నొప్పి కోసం 7804 కింద మళ్లీ లెక్కపెట్టొచ్చని ఆ నిబంధనలోనే రాసి ఉంది.

‘ఒకే మచ్చకు రెండుసార్లా?’ అని మీవారు మొహమాటపడతారేమో. 1994లో ఎస్టెబాన్ అనే మాజీ సైనికుడి కేసులో వెటరన్స్ కోర్టు తేల్చిన విషయమే ఇది. ఆయన ముఖానికి దెబ్బ తగిలింది. ముఖం రూపం చెడటం ఒకటి, మచ్చల నొప్పి ఒకటి, నమలడానికి అడ్డొచ్చే కండరాల దెబ్బ ఒకటి. మూడూ వేర్వేరు బాధలు కాబట్టి మూడింటికీ విడివిడిగా రేటింగ్ ఇవ్వాలంది కోర్టు. మీవారు అడుగుతున్నది కూడా అంతే, ఎక్కువేమీ కాదు.

లెక్క ఎక్కడికి వెళ్తుందో చెప్తాను. వీఏ శాతాల్ని మామూలుగా కూడదు. మెడకు 30 అనుకోండి, మిగిలింది 70. చేతికి 20 వస్తే ఆ 70లో 20 శాతం, అంటే 14. కలిపితే 44. మూడు మచ్చలూ లెక్కకొచ్చి నొప్పికి 20 వస్తే మిగిలిన 56లో 20 శాతం, సుమారు 11. మొత్తం 55, దాన్ని 60గా చేస్తారు. చేతి విషయం నెగ్గకపోయినా మెడా నొప్పీ కలిపి 44, అంటే 40. 2025 రేట్ల ప్రకారం ఒంటరి వెటరన్‌కు 10 శాతానికి నెలకు 175.51 డాలర్లు, 60 శాతానికి 1395.93. 30 శాతం, ఆపైన ఉంటే భార్యాపిల్లల లెక్క కూడా కలుస్తుంది. ఈ డబ్బు మీద ఇన్‌కమ్ ట్యాక్స్ ఉండదు.

ఇన్ని శాతాలూ కాగితం మీద నిలబడాలంటే ‘నొప్పి లేదు’ అన్న ఆ మాటను ఎదుర్కోవాలి. అది ఎలా పడిందో ఊహించగలను. లోపలికి వెళ్లగానే ‘హౌ ఆర్ యూ’ అంటారు, మనవాళ్లు ‘ఐ యామ్ ఫైన్’ అంటారు. ‘ఎనీ పెయిన్ టుడే’ అంటే ఆ నిమిషానికి లేదు కాబట్టి ‘నో’. ఆర్మీలో చేసినవాళ్లకు నొప్పి బయటపెట్టకపోవడం అలవాటైపోతుంది. దానికి మన ఇళ్లలో మగపిల్లల్ని పెంచే తీరు తోడవుతుంది. పరీక్షకుడు తను విన్నదే రాశాడు.

దీనికి మందు ఏమిటంటే ఇంట్లో రోజూ చూసే మనిషి రాసివ్వడం, అంటే మీరు. నొప్పి ఎంతుందో డాక్టరే చెప్పనక్కర్లేదు. అనుభవించేవాళ్లు, కళ్లతో చూసేవాళ్లు చెప్పింది సాక్ష్యంగా చెల్లుతుంది. 21-10210 ఫారం మీద మీరొకటి, మీవారొకటి రాయండి. ‘చాలా బాధపడుతున్నారు’ అని రాస్తే ఉపయోగం లేదు. ఇలా రాయండి: ‘పొడుగు చేతుల చొక్కా వేసుకుంటే కఫ్ దగ్గర గుడ్డ రాసుకుని మంట పుడుతుందని ఎప్పుడూ మడిచే ఉంచుతారు. కారులో సీటు బెల్టు మెడకు తగలకుండా మధ్యలో టవల్ పెట్టుకుంటారు. నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా కుడి తొడ మీద మచ్చ చిట్లుతుంది, దుప్పటికి రక్తం మరకలు అంటుతాయి, వారంలో ఇన్నిసార్లు కట్టు కడతాను.’ మీ ఇంట్లో నిజంగా జరిగేది మాత్రమే, ఉన్నదున్నట్టు రాయండి. ఎక్కువ చేసి రాస్తే మిగతా నిజాన్ని కూడా నమ్మరు.

ఫోటోలు తీయండి. రంగు ఫోటోలను చూడాలని, వాటికి మెరుగులు దిద్ది ఉండకూడదని మెడ మచ్చల నిబంధనలోనే ఉంది. అందుకని ఫోన్లో బ్యూటీ మోడ్, ఫిల్టర్లు అన్నీ ఆపేయండి. ఫ్లాష్ వద్దు, కిటికీ పక్క పగటి వెలుతురు మంచిది. టైలర్ టేపు మచ్చ పక్కన పెట్టి, అంకెలు కనబడేలా ఒకటి, టేపు లేకుండా ఒకటి తీయండి. మెడ ఉబ్బు ముందు నుంచి కనబడదు, పక్క నుంచి తీయాలి. తొడ మీద చర్మం చిట్లిన రోజున తప్పకుండా తీయండి. తేదీ రాసిపెట్టుకోండి. ఇప్పుడు వేసవి అయితే పాత ఫోన్లలో, క్లౌడ్‌లో వెతకండి. కట్టు మార్చేటప్పుడు డాక్టరుకు చూపిద్దామని తీసినవి ఏవైనా ఉండొచ్చు.

ఒక డెర్మటాలజిస్టు దగ్గరికి కూడా వెళ్లండి. మచ్చలకు సంబంధించిన డీబీక్యూ ఫారం (డాక్టరు నింపే వైకల్య ప్రశ్నావళి) వీఏ వెబ్‌సైట్లో అందరికీ దొరుకుతుంది. ఆపరేషన్ నోట్సు ఆయన ముందు పెట్టి, ముంజేతి దగ్గర కింది కండ దెబ్బతిన్నదో లేదో చూసి, కారణంతో సహా రాయమని అడగండి. ‘అవును’ అని రాయమని కాదు. చూసి రాయమని.

ఇవన్నీ కూడాక ఏ దారిలో వెళ్లాలి? 2017లో చేసిన చట్టం 2019 ఫిబ్రవరి 19 నుంచి అమల్లోకి వచ్చాక మూడు దారులు ఏర్పడ్డాయి. కొత్త సాక్ష్యంతో అడిగేది సప్లిమెంటల్ క్లెయిమ్, ఫారం 20-0995. ఉన్న ఫైలునే పై అధికారి మళ్లీ చూసేది హయ్యర్ లెవెల్ రివ్యూ, ఫారం 20-0996. అందులో కొత్త కాగితం ఒక్కటి కూడా పెట్టనివ్వరు. మూడోది బోర్డుకు (వీఏలోని వెటరన్స్ అప్పీళ్ల బోర్డుకు) అప్పీలు, ఫారం 10182.

మెడ ఒక్కటే అయితే రివ్యూకే వెళ్లమనేదాన్ని, ఎందుకంటే తప్పు వాళ్ల కాగితాల్లోనే బయటపడుతోంది. కానీ చెయ్యి, నొప్పి నెగ్గాలంటే కొత్త సాక్ష్యం కావాలి. అంశాన్ని బట్టి వేర్వేరు దారులు పట్టడానికి చట్టం ఒప్పుకుంటుంది గానీ, మీ ఇంట్లో ఈ పని చూసేది మీరొక్కరే. రెండు ఫైళ్లు, రెండు గడువుల వెంట పరుగెత్తడం కంటే మూడింటినీ ఒకే సప్లిమెంటల్ క్లెయిమ్‌లో పెట్టడం మంచిదని నా అభిప్రాయం. దాంతోపాటు ఒక పేజీ ఉత్తరం జతచేసి, మెడ గురించి రిపోర్టులో ఏ పేజీలో ఏ రెండు లక్షణాలున్నాయో వేలు పెట్టి చూపించండి. అప్పటికీ మెడకు పదే ఇస్తే, ఆ నిర్ణయం వచ్చిన ఏడాదిలోపు రివ్యూకు వెళ్లండి. ఇలా ప్రతిసారీ ఏడాది దాటకుండా అడుగుతూ పోతే 2023 తేదీ చెక్కుచెదరదు. బోర్డు దారి ఇప్పుడే వద్దు, అక్కడ ఎదురుచూపు ఎక్కువ. అది ఆఖరుకు ఉంచుకోండి. బోర్డు కూడా కాదంటే వెటరన్స్ కోర్టుకు వెళ్లడానికి 120 రోజుల గడువు ఉంటుందని మాత్రం గుర్తుపెట్టుకోండి.

ఉన్న పది పోతుందేమోనని అంతగా భయపడక్కర్లేదు. ఉత్తరంలో ‘అనుకూల నిర్ధారణలు’ అని ఒక భాగం ఉంటుంది. మచ్చలు సర్వీసులో వచ్చాయన్నది అందులో ఉంది. స్పష్టమైన, కాదనలేని పొరపాటు కనబడితే తప్ప తర్వాత వచ్చే అధికారి దాన్ని తిరగరాయలేడు. అందే డబ్బు తగ్గించాలన్నా ముందు నోటీసు ఇచ్చి, సాక్ష్యం చూపించుకోవడానికి 60 రోజులు ఇవ్వాలి. కొందరు మావ్ని కుటుంబాలవాళ్లు పౌరసత్వానికి ఏమైనా అవుతుందా అని కూడా భయపడుతుంటారు. పరిహారం అడగడానికీ పౌరసత్వానికీ సంబంధం లేదు.

లాయరు ఇప్పుడే అక్కర్లేదు. టెక్సాస్ వెటరన్స్ కమిషన్‌లో గానీ, మీ కౌంటీ వెటరన్స్ ఆఫీసులో గానీ, డీఏవీ, అమెరికన్ లీజియన్, వీఎఫ్‌డబ్ల్యూ లాంటి మాజీ సైనికుల సంస్థల్లో గానీ గుర్తింపు పొందిన ప్రతినిధులు ఉచితంగా చూస్తారు. 21-22 ఫారం మీద సంతకం పెడితే మీవారి ఫైలు వాళ్లే తెరిచి చూడగలరు. మొదటి నిర్ణయం వచ్చేసింది కాబట్టి లాయర్లు ఫీజు తీసుకోవచ్చు, బకాయిలో 20 శాతం వరకు న్యాయమైన ఫీజుగానే చూస్తారు. బోర్డు దాకా, కోర్టు దాకా వెళ్లాల్సి వస్తే అప్పుడు ఆలోచిద్దాం. కానీ వీఏ గుర్తింపు లేకుండా ‘మేం పెంచిపెడతాం, పెరిగిన నెలసరి మొత్తానికి అయిదారు రెట్లు ఇవ్వండి’ అని ఫోన్ చేసేవాళ్లుంటారు. వాళ్లకు మీవారి వీఏ లాగిన్ పాస్‌వర్డు, బ్యాంకు వివరాలు ఏ పరిస్థితిలోనూ ఇవ్వకండి. ఎవరికి గుర్తింపు ఉందో వీఏ వెబ్‌సైట్లో పేరు కొట్టి చూసుకోవచ్చు.

మీవారికి ఈ పేరా చదివి వినిపించండి. బాబూ, కాళ్లు పోయినవాళ్ల వాటాలోంచి మీకేమీ ఇవ్వరు. ఈ డబ్బు ఒక కుండలోంచి పంచేది కాదు. మీరు తగ్గించి చెప్తే వాళ్లకు ఒక్క డాలరు కూడా ఎక్కువ అందదు. పదేళ్లుగా మీ ఆవిడ రాత్రిపూట కట్టు కడుతోంది, దుప్పట్లు ఉతుకుతోంది. ఆ పనికి కారణమైన గాయం మీరు యూనిఫాంలో ఉండగా, వాళ్ల బండి బాగుచేస్తుండగా తగిలింది. డాక్టరు అడిగినప్పుడు ఆ రోజు ఎలా ఉందో చెప్పి ఊరుకోకండి. చెడ్డ రోజుల్లో ఎలా ఉంటుంది, నెలలో అలాంటివి ఎన్ని వస్తాయి అన్నది కూడా చెప్పండి.

ఇంకొకటి మీ ఉత్తరంలో లేదు గానీ అడగాల్సింది. కుడి చెయ్యి మణికట్టు దగ్గర పూర్తిగా వంగుతుందా? వేళ్లలో తిమ్మిరి ఉందా? మచ్చ బిగిసి కదలిక తగ్గినా, నరం దెబ్బతిన్నా వాటికి విడిగా రేటింగ్ ఉంటుంది. స్పానర్ పట్టుకోవడం, పాల డబ్బా మూత తిప్పడం ఎడమ చేత్తో చేస్తున్నారేమో గమనించండి. అలా ఉంటే డెర్మటాలజిస్టుతో పాటు చేతుల డాక్టరుకు కూడా చూపించి, కదలిక ఎన్ని డిగ్రీలుందో కొలిపించి, ఆ కాగితం కూడా ప్రతినిధికి ఇవ్వండి. దీన్ని ఇదే ఫైలుతో కలపాలా, కొత్త క్లెయిమ్‌గా వెయ్యాలా అన్నది ఆయన మీ ఫైలు చూసి చెప్తారు.